వెబ్‌సైట్ వేగం, ప్యాకేజీ నిలకడ: వీడియో డౌన్‌లోడ్ లైబ్రరీపై స్టూడియో చర్చ

హైదరాబాద్‌లోని మా స్టూడియోలో జరిగిన చర్చకు ఇది అక్షర రూపం. డెబియన్ అనే లైనక్స్ సిస్టమ్‌కి ప్యాకేజీలు చేసే ఒక మెయింటైనర్, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్పే లెక్చరర్, కాపీరైట్ కేసులు చూసే లాయర్ పాల్గొన్నారు. పునరుక్తులు మాత్రం తీసేశాం.

వ్యాఖ్యాత: నమస్కారం. ఆన్‌లైన్ వీడియోలు డౌన్‌లోడ్ చేసే సాఫ్ట్‌వేర్ అనగానే అందరూ ముందు చట్టం దగ్గరికి వెళ్లిపోతారు. మనమూ వెళ్దాం, కానీ తర్వాత. ముందు అసలు పని సంగతి చూద్దాం. ఇలాంటి లైబ్రరీని, అంటే వేరే ప్రోగ్రాములు కూడా వాడుకునే కోడ్‌ని, సులువుగా ఇన్‌స్టాల్ అయ్యేలా ప్యాకేజీ చేసి, దాన్ని పనిచేసే స్థితిలో ఉంచడం ఎందుకంత కష్టం? మేడమ్, మీ ల్యాబ్ నుంచే మొదలుపెడదాం.

లెక్చరర్: మా ల్యాబ్‌లో మెషీన్లన్నీ లైనక్సేనండి. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులైన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌తో ఉంటాయి కాబట్టి వాటిని ముందే డౌన్‌లోడ్ చేసి ల్యాబ్ సర్వర్‌లో పెడతాం. క్లాసంతా ఒకేసారి స్ట్రీమ్ చేస్తే మా నెట్ తట్టుకోదు. అప్పట్లో వీడియోలు డౌన్‌లోడ్ చేసే యూట్యూబ్-డీఎల్ ప్రోగ్రామ్ వాడేవాళ్లం. 2023 ఫిబ్రవరిలో ఉన్నట్టుండి ఆగిపోయింది. అప్‌లోడర్ ఐడీ, అంటే వీడియో పెట్టినవాళ్ల గుర్తింపు, దొరకడం లేదని ఎర్రర్. మెషీన్‌లో మేం మార్చింది ఏమీ లేదు. అప్‌డేట్ కొడితే, ఇదే లేటెస్ట్ వెర్షన్ అంటుంది. పిల్లలకు ఏం చెప్పాలో తెలియలేదు.

మెయింటైనర్: ఆ ఎర్రర్ మీ ఒక్కరికే కాదు మేడమ్, ఆ రోజుల్లో పాత వెర్షన్ వాడుతున్నవాళ్లందరికీ వచ్చింది. ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ రకం సాఫ్ట్‌వేర్ కష్టమంతా అందులోనే ఉంది. యూట్యూబ్-డీఎల్ అప్పటికి చివరిగా విడుదలైంది 2021 డిసెంబర్ 17న. ఆ కోడ్‌లో ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే అక్షరాల నమూనాను వెతికే సూత్రం, ఉండేది. ఛానెల్ అడ్రస్‌లో ‘ఛానెల్’ అనో ‘యూజర్’ అనో మాట వెతికి, దాని పక్కనున్న పేరు తీసుకునేది. యూట్యూబ్ ఛానెళ్లకు హ్యాండిల్స్, అంటే ఎట్ గుర్తుతో మొదలయ్యే పేర్లు, తెచ్చింది. అడ్రస్‌లో ఆ రెండు మాటలూ పోయి ఎట్ గుర్తు వచ్చింది. ఎక్స్‌ప్రెషన్‌కి ఏమీ దొరకలేదు, మొత్తం పని ఆపేసింది. విషయం ఏంటంటే, వీడియో డౌన్‌లోడ్ కావడానికి అప్‌లోడర్ ఐడీ అక్కర్లేదు. అది కేవలం అదనపు సమాచారం. సరిచేయడానికి ఒక్క లైను మారిస్తే చాలు. ఆ ఒక్క లైను మీ ల్యాబ్‌కి రావడానికే అంత తంటా.

వ్యాఖ్యాత: ఎందుకు రాదు? ఒక్క లైనే కదా?

మెయింటైనర్: డెబియన్ స్టేబుల్ విడుదల రెండేళ్లకోసారి వస్తుంది. 12వ విడుదల 2023 జూన్‌లో, 13వది 2025 ఆగస్టులో. ఒకసారి విడుదలయ్యాక అందులోకి కొత్త వెర్షన్లు రావు. భద్రతా లోపాలకు, తీవ్రమైన బగ్గులకు మాత్రమే సవరణలు వెళ్తాయి. సర్వర్లు నడిపేవాళ్లకు ఈ నిలకడే కావాలి, నేనూ దాన్ని సమర్థిస్తాను. డేటాబేస్‌కి, కంపైలర్‌కి ఆ పద్ధతి చక్కగా సరిపోతుంది. కానీ ఈ లైబ్రరీ పనితీరు మన చేతిలో లేని వెబ్‌సైట్ల మీద ఆధారపడి ఉంది. యూట్యూబ్-డీఎల్ నుంచే పుట్టిన వైటీ-డీఎల్‌పీలో వెయ్యికి పైగా సైట్లకు ఎక్స్‌ట్రాక్టర్లు, అంటే పేజీలోంచి వీడియోను వెతికి తీసే భాగాలు, ఉన్నాయి. వాటిలో ఏ సైటు ఎప్పుడు పేజీ మారుస్తుందో ఎవరూ చెప్పలేరు. డెబియన్ 12తో వచ్చిన వైటీ-డీఎల్‌పీ 2023 మార్చి 4 నాటిది. కోడ్‌లో అక్షరం కూడా మారకపోయినా అది పాడవుతుంది.

లెక్చరర్: అందుకే నేనడిగేది, దీన్ని అసలు డెబియన్‌లో పెట్టడం ఎందుకు? ప్రాజెక్ట్ వాళ్ల దగ్గర నేరుగా తీసుకుంటే తనంతట తానే అప్‌డేట్ అయ్యే ఆప్షన్ ఉంది. మీ ప్యాకేజీలో దాన్ని పనిచేయనివ్వరు.

మెయింటైనర్: పనిచేయనివ్వం, నిజమే. సిస్టమ్ ఫైళ్లను ప్యాకేజ్ మేనేజర్, అంటే ప్యాకేజీలను పెట్టే, తీసే ప్రోగ్రామ్, ఒక్కటే మార్చాలి. ప్రోగ్రామ్ తన ఫైలును తానే మార్చుకుంటే, అక్కడ ఏముందో మేనేజర్‌కి తెలియకుండా పోతుంది. రేపు ఏదైనా తేడా వస్తే మీ ల్యాబ్ అడ్మిన్‌కి జాడ దొరకదు.

లెక్చరర్: పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్‌తో పెట్టుకుంటే?

మెయింటైనర్: డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో నేరుగా పెట్టబోతే, ఇది బయటినుంచి నిర్వహించే వాతావరణం అంటూ ఆపేస్తుంది. పెప్ 668 అనే పైథాన్ నియమం అది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే సిస్టమ్‌ని తాకని విడి పైథాన్ ఫోల్డర్, చేసుకుని పెట్టుకోవచ్చు. మీలాంటి తెలిసినవాళ్లకు అది మంచి దారే, వద్దనను. కానీ పేరు తప్పు కొట్టకూడదు. పిప్ ప్యాకేజీలు తెచ్చుకునే పైపీఐలో అసలు ప్యాకేజీకి దగ్గర పేరుతో హానికరమైనవి ఎక్కించడం ఎప్పటినుంచో ఉన్న బెడద. 2024 జనవరి 1 నుంచి పైపీఐ అక్కడ ప్యాకేజీలు నిర్వహించే అందరికీ రెండంచెల లాగిన్ తప్పనిసరి చేసింది. దానివల్ల అసలు ప్యాకేజీ ఖాతాలు భద్రం. మీ టైపింగ్ తప్పును మాత్రం అది ఆపలేదు.

వ్యాఖ్యాత: కదిలే భాగాన్ని, కదలని భాగాన్ని విడదీయలేమా? లైబ్రరీ స్టేబుల్‌లో ఉంటుంది, సైట్లకు సంబంధించినది విడిగా మారుతూ ఉంటుంది.

మెయింటైనర్: చేశారండి, చాలా ఏళ్ల కిందటే. లిబ్‌క్వీ అని సీ భాషలో ఒక లైబ్రరీ ఉండేది. లైనక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ వాళ్ల టోటెమ్ వీడియో ప్లేయర్ కూడా దాన్ని వాడింది. సైట్లను చదివే భాగమంతా లువా అనే భాషలో స్క్రిప్టులుగా రాసి వేరే ప్యాకేజీలో పెట్టారు. సైటు మారితే స్క్రిప్టుల ప్యాకేజీ మాత్రం మార్చాలి, లైబ్రరీ జోలికి పోనక్కర్లేదు, దాని మీద ఆధారపడిన ప్రోగ్రాములను మళ్లీ బిల్డ్ చేయనక్కర్లేదు, అంటే మూల కోడ్ నుంచి తిరిగి తయారుచేయనక్కర్లేదు. నేను చూసిన వాటిలో అంత శుభ్రమైన డిజైన్ తక్కువ. కానీ కొన్నేళ్లకు ఆ స్క్రిప్టులకు కొత్త విడుదలలు ఆగిపోయాయి. సైట్లు మారుతూ పోయాయి. డిజైన్ ఎంత బాగున్నా వెంటపడి రాసేవాళ్లు లేక అది మూలపడింది. అందుకే కొత్తగా ప్యాకేజీ చేస్తామని వచ్చే కుర్రాళ్లకు నేను ముందు ఒకటే చెప్తాను. ప్యాకేజీ చేయడం రెండు రోజుల పని. దాన్ని ఏళ్ల తరబడి వెంటాడేవాళ్లు ఉన్నారా లేదా చూసుకోండి. లేకపోతే స్టేబుల్‌లో పెట్టవద్దు. పనిచేయని ప్యాకేజీ అక్కడ ఉంటే, అది లేనిదానికన్నా ఎక్కువ నష్టం. జనం అదే సరైనదనుకుని దాంతో కుస్తీ పడతారు.

లెక్చరర్: ఇక్కడ నేను ఒప్పుకోను. స్టేబుల్‌లో లేకపోతే మా కాలేజీలాంటి చోట్ల అది లేనట్టే. మాకు అడ్మిన్ ఒక్కరే. డెబియన్ రిపాజిటరీలో, అంటే వాళ్ల ప్యాకేజీల నిల్వలో, ఉన్నదే పెడతారు.

మెయింటైనర్: ఆ మాటా నిజమే. అందుకే బ్యాక్‌పోర్ట్స్ ఉంది. తర్వాతి విడుదలకు సిద్ధమవుతున్న ‘టెస్టింగ్’లో ఉన్న కొత్త వెర్షన్‌ని పాత విడుదల మీద బిల్డ్ చేసి ఇస్తారు. దాన్ని ఆన్ చేసినంత మాత్రాన సిస్టమ్ అంతా మారిపోదు. మీరు పేరు చెప్పి అడిగిన ప్యాకేజీ మాత్రమే అక్కడినుంచి వస్తుంది. మీ అడ్మిన్‌కి ఒక్కసారి చెప్తే చాలు.

వ్యాఖ్యాత: లాయర్ గారూ, మీరు వింటూనే ఉన్నారు. ఇలాంటి ప్యాకేజీ చేయడం నేరమా?

లాయర్: చేయడం వేరు, దాంతో ఏం డౌన్‌లోడ్ చేస్తారన్నది వేరు. ఆ రెండింటినీ కలిపేయడం వల్లే ఇంత టెన్షన్. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012 సవరణతో 65ఏ సెక్షన్ వచ్చింది. హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో సాంకేతిక రక్షణను దాటితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ఇందులో ‘ఉద్దేశంతో’ అన్నది కీలకం. అమెరికా చట్టంలోలాగా పరికరాన్ని పంచడాన్నే నేరంగా చూసే నిబంధన మన దగ్గర విడిగా లేదు. అయితే అదే సెక్షన్‌లో, చట్టం నిషేధించని పనికోసం వేరేవాళ్లకు రక్షణ దాటడంలో సాయం చేసేవాళ్లు ఆ వ్యక్తి పేరు, చిరునామా వంటి వివరాలు రాసి ఉంచాలని ఉంది. రక్షణ ఉన్న కంటెంట్ మీద పనిచేసేవాళ్లు అది చదివి తీరాలి. ఇవన్నీ కాక, వెబ్‌సైట్ నిబంధనలు వేరే. యూట్యూబ్ తన నిబంధనల్లో అనుమతి లేని డౌన్‌లోడ్ వద్దంటుంది. అది ఒప్పందం సంగతి, క్రిమినల్ కేసు కాదు.

వ్యాఖ్యాత: 2020లో, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో జరిగిన గొడవ?

లాయర్: ప్యాకేజీ చేసేవాళ్లంతా తెలుసుకోవాల్సింది అది. 2020 అక్టోబర్ 23న అమెరికా సంగీత కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ నోటీసు పంపింది. గిట్‌హబ్ యూట్యూబ్-డీఎల్‌ని తీసేసింది. నోటీసులో వాళ్లు చూపించిన వాటిలో టెస్టులు ఉన్నాయి. కోడ్ సరిగ్గా పనిచేస్తోందా లేదా చూడటానికి పెట్టిన ఉదాహరణ లింకుల్లో కొన్ని పేరున్న గాయకుల మ్యూజిక్ వీడియోలు. వాటిని ఎత్తిచూపి, ఈ సాఫ్ట్‌వేర్ ఉద్దేశమే ఇది అని వాదించారు. డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్ఎఫ్ లాయర్లు జవాబిచ్చారు. బ్రౌజర్ ఆ పేజీలోని జావాస్క్రిప్ట్‌ని ఎలా నడుపుతుందో ఇదీ అలాగే నడుపుతుంది, తాళమేదీ పగలగొట్టడం లేదు అని. నవంబర్ 16న గిట్‌హబ్ దాన్ని తిరిగి పెట్టింది. డెవలపర్ల రక్షణకు పది లక్షల డాలర్ల నిధి కూడా ప్రకటించింది. ఆ టెస్టు లింకులు తీసేశారు.

మెయింటైనర్: అక్కడినుంచి నేను టెస్టుల ఫోల్డర్ కూడా చదవకుండా అప్‌లోడ్ చేయను. నిజానికి ఆ టెస్టులు మాకు ప్యాకేజీ బిల్డ్ సమయంలో పనికిరావు కూడా. బిల్డ్ జరిగేటప్పుడు నెట్‌వర్క్ వాడకూడదని డెబియన్ పాలసీ. కాబట్టి ఈ లైబ్రరీ చేసే అసలు పనిని, అంటే సైటుకి వెళ్లి వీడియో తేవడాన్ని, బిల్డ్‌లో పరీక్షించలేం. నెట్ అక్కర్లేని టెస్టులు నడుపుతాం, తేదీలు చదవడం, ఫైలు పేర్లు శుభ్రం చేయడం లాంటివి.

లెక్చరర్: ఫైలు పేర్లంటే గుర్తొచ్చింది. తెలుగు టైటిల్ పొడుగ్గా ఉంటే, ఫైలు పేరు మరీ పెద్దదని ఎర్రర్ వస్తుంది. అంతే పొడుగున్న ఇంగ్లిష్ టైటిల్‌కి రాదు.

మెయింటైనర్: ఎందుకంటే లైనక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఫైలు పేరుకి పరిమితి 255 బైట్లు, అక్షరాలు కాదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు, తెలుగు కోడ్‌పాయింట్‌కి, అంటే యూనికోడ్‌లోని ఒక్కో గుర్తుకి, 3. మనకి ఒక్క అక్షరంలా కనిపించే ‘క్షి’ తీసుకోండి. క, పొల్లు, ష, గుడి కలిపి 4 కోడ్‌పాయింట్లు, 12 బైట్లు. అంటే 85 కోడ్‌పాయింట్లకే పేరు నిండిపోతుంది. మన భక్తి ఛానెళ్ల టైటిళ్లు దాన్ని ఇట్టే దాటేస్తాయి.

లెక్చరర్: మా పిల్లలు పేర్లను సాదా అక్షరాలకు కుదించే ఆప్షన్ వాడారు. పేరంతా పోయింది.

మెయింటైనర్: పోతుంది. రెస్ట్రిక్ట్-ఫైల్‌నేమ్స్ అనే ఆ ఆప్షన్ తెలుగు అక్షరాలను అండర్‌స్కోర్లు చేస్తుంది, గుణింతం గుర్తులను పూర్తిగా తీసేస్తుంది, వరుస అండర్‌స్కోర్లను ఒకటి చేస్తుంది. చివరికి వీడియో ఐడీ తప్ప గుర్తుపట్టడానికి ఏమీ మిగలదు. దానికి బదులు, ఫైలు పేరు ఎలా ఉండాలో చెప్పే అవుట్‌పుట్ టెంప్లేట్‌లో టైటిల్‌కి 200 బైట్ల హద్దు పెట్టండి. వైటీ-డీఎల్‌పీలో ‘బీ’ అనే ఫార్మాట్ అందుకే ఉంది. అక్షరం మధ్యలో తెగితే ఆ ముక్క బైట్లను వదిలేస్తుంది. ఒత్తు ఊడి పొల్లు మిగిలే అవకాశం మాత్రం ఉంది. అక్షరాన్ని అక్షరంగా చూసి కోసే ప్యాచ్, అంటే చిన్న కోడ్ సవరణ, ఎవరైనా తెలుగువాళ్లు రాస్తే బాగుంటుంది. ఈ ఇబ్బంది తెలిసినవాళ్లం మనమే కదా.

వ్యాఖ్యాత: ప్యాకేజీకి తోడు కావాల్సినవి?

మెయింటైనర్: పైథాన్ తప్పనిసరి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ లేకపోయినా నడుస్తుంది, కానీ ఎక్కువ నాణ్యతలో వీడియో, ఆడియో విడివిడిగా వస్తాయి, వాటిని కలపడానికి అది కావాలి. కాబట్టి దాన్ని ‘రికమెండ్స్’లో, అంటే ఉంటే మంచిదనే జాబితాలో, పెడతాం. ఇప్పుడు పెద్ద తలనొప్పి జావాస్క్రిప్ట్. 2025 నవంబర్ విడుదల నుంచి యూట్యూబ్ పూర్తిగా పనిచేయాలంటే బయటి జావాస్క్రిప్ట్ ఇంజిన్ కావాలి. ప్రాజెక్ట్ వాళ్లు డెనో వాడమంటారు. డెబియన్ 13లో డెనో ప్యాకేజీ లేదు, నోడ్ అనే ఇంకో ఇంజిన్ ఉంది. వైటీ-డీఎల్‌పీకి తోడుగా వచ్చే జావాస్క్రిప్ట్ స్క్రిప్టులూ విడి ప్యాకేజీయే. మినిఫై చేసిన, అంటే మనిషి చదవలేనంతగా కుదించిన, జావాస్క్రిప్ట్‌ని దాని మూల కోడ్ లేకుండా డెబియన్ తీసుకోదు. దాన్ని మూలం నుంచి మళ్లీ బిల్డ్ చేసి చూపాలి.

లెక్చరర్: అంటే పని పెరుగుతూనే ఉంది. అమీర్‌పేటలో ఏ కోర్సులోనూ ఇది చెప్పరు. మా పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఆసక్తి ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మెయింటైనర్: ప్యాకేజీ చేయడంతో వద్దు, బగ్ రిపోర్టుతో మొదలుపెట్టమనండి. ఏదైనా సైటు పనిచేయకపోతే ముందు బ్యాక్‌పోర్ట్స్‌లో ఉన్న వెర్షన్‌తో చూడాలి. అక్కడ పనిచేస్తే తేడా ఏ మార్పు వల్ల వచ్చిందో కోడ్ మార్పుల చరిత్ర ఉంచే గిట్‌లో వెతకాలి. ఆ మార్పు చిన్నదైతే దాన్ని ప్యాచ్‌గా జతచేసి డెబియన్‌కి రిపోర్ట్ చేయాలి. పాత వెర్షన్ బగ్గులతో అసలు ప్రాజెక్ట్ వాళ్ల దగ్గరికి పోవద్దు, వాళ్లు ముందు అడిగేది కొత్తది పెట్టారా అనే. రిపోర్టులో, అన్ని వివరాలూ చూపే వెర్బోస్ ఆప్షన్‌తో వచ్చిన అవుట్‌పుట్ మొత్తం పెట్టాలి, కుకీలు, పాస్‌వర్డులు ఉంటే తీసేసి. అలాంటి ప్యాచ్‌లు నాలుగైదు వస్తే, అప్‌లోడ్ హక్కులున్న మెయింటైనర్లు వాళ్ల పని చూసి స్పాన్సర్ చేస్తారు, అంటే వాళ్ల తరఫున అప్‌లోడ్ చేస్తారు.

లెక్చరర్: మా ల్యాబ్‌లో డెబియన్ 12 ఉన్న మెషీన్లు ఇంకా ఉన్నాయి. వాటి మీదే చేయొచ్చా?

మెయింటైనర్: వాటి మీదే చేయాలి మేడమ్. పాత విడుదలలో సరిగ్గా ఏం పోయిందో చెప్పగలిగేవాళ్లే మాకు తక్కువ.