పిస్టల్ మీద ఎర్ర చుక్క: ఎవరికి అక్కర, ఎవరికి దండగ

అందరికీ నమస్కారమండీ. తిరుపతి నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చినా. బయట ఎండ మండిపోతా ఉండాది. అందుకే ఈ వీడియో సగం ఇంట్లో, సగం బంగారుపాళెం పక్కన మా మామ మామిడితోపులో తీసినా. ఫ్యాను సద్దు వినపడితే సర్దుకోండి. ఫ్యాను ఆపితే నేనే ఉండలేను.

ఈ రోజు చెప్పేది మూడు రెడ్ డాట్ సైట్ల గురించి, అంటే పిస్టల్ మీద బిగించుకొని, అద్దంలో కనపడే ఎర్ర చుక్కతో గురి చూసుకునే సాధనాలు. రెండు నా డబ్బుతో కొన్నవి, మూడోది ఒక స్నేహితుడి దగ్గర వారం రోజులకని అడిగి తెచ్చుకున్నది. ఏ కంపెనీవాళ్ళూ నాకు పంపలేదు, రూపాయి ఇవ్వలేదు. కాణిపాకం పోయి ప్రమాణం చెయ్యమన్నా చేస్తా.

మొదట ఒక పొరపాటు సరిచేసుకుందాం. చాలామంది దీన్ని లేజర్ అనుకుంటారు. మొన్న టీ అంగడి దగ్గర ఒకాయన కూడా అదే అడిగినాడు, "అన్నా, గోడమీద చుక్క పడుతుందే, అదేనా?" అని. కాదు. దీన్నుంచి టార్గెట్ మీదికి ఏ వెలుగూ పోదు. లోపల వెనకపక్క చిన్న ఎల్ఈడీ ఉంటుంది. ముందర అద్దానికి ఒక పూత ఉంటుంది. ఆ పూత ఎర్ర వెలుగును మటుకు వెనక్కి తిప్పి మన కంటికి పంపిస్తుంది, మిగతా వెలుగును పోనిస్తుంది. అద్దంలో లేత నీలం ఛాయ కనపడేది అందుకే. అద్దం వంపు వల్ల ఆ కిరణాలు సమాంతరంగా వస్తాయి. అందువల్ల చుక్క అద్దం మీద ఉన్నట్టు ఉండదు, దూరంగా టార్గెట్ ఉండే తావులో తేలుతున్నట్టు ఉంటుంది. ఆ చుక్క మీకు తప్ప పక్కోడికి కనపడదు.

ఈ చుక్క కథ స్వీడన్‌లో ఏమ్‌పాయింట్ కంపెనీతో 1975లో గట్టిగా మొదలయింది. అప్పుడది రైఫిల్ మీద పెట్టే గొట్టం. పిస్టల్ పైభాగం, అంటే స్లయిడ్ మీద పెట్టేంత చిన్నదిగా, ఆ దెబ్బలు తట్టుకునేంత గట్టిగా చెయ్యడానికి చానా ఏండ్లు పట్టింది. స్లయిడ్ ప్రతి గుండుకూ వెనక్కి పోయి ముందుకొచ్చి ఠపీమని ఆగుతుంది. దాని మీద కూర్చున్న ఎలక్ట్రానిక్స్ గతి ఊహించుకోండి. ట్రిజికాన్ వాళ్ళ ఆర్‌ఎంఆర్ అనే చిన్న సైటు 2009లో వచ్చింది. గ్లాక్ కంపెనీ 2015లో సైటు బిగించుకునేట్టుగా స్లయిడ్‌ను ఫ్యాక్టరీలోనే కోసి ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి ఇంక ఆగలేదు.

ఆ విదేశీ వీడియోలు చూసి ఇక్కడ ఆశపడేవాళ్ళకు ఒక్క మాట. ఆళ్ళు చూపించేది 9 ఎంఎం. మన దేశంలో మామూలు లైసెన్సుకు అది రాదు, నిషేధిత బోరు (గొట్టం లోపలి కొలత). మనకు లైసెన్సు మీద దొరికేది ఎక్కువగా .32 పిస్టలో, రివాల్వరో. వాటిలో చానావాటికి సైటు బిగించే తావే ఉండదు. తెలిసిన లేత్ ఉండాది, గాడి కొట్టిస్తా అనుకోవద్దండప్పా. తుపాకీ మరమ్మతు కూడా లైసెన్సు ఉండేవాళ్ళే చెయ్యాలి, అది చట్టం. కాబట్టి ఈ రోజు నేను మాట్లాడేది ఎయిర్ పిస్టల్ గురించి. గాలి ఒత్తిడితో చిన్న పెల్లెట్లు కొట్టేది, 0.177 అంగుళాల బోరు, పెల్లెట్ శక్తి 20 జౌల్స్ లోపు ఉండేది. దీనికి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు, కొనేటప్పుడు గుర్తింపు కార్డు, అడ్రసు ప్రూఫ్ అడుగుతారు. లైసెన్సు లేదు కదా అని బ్యాగులో వేసుకొని అలిపిరి దగ్గరికి పోయేరు, కొండమీదికి ఇట్లాంటివి ఏవీ పోనియ్యరు. ఇంకొకటి, కోతుల మీద, కొంగల మీద గురిపెట్టడానికి కొనేవాళ్ళుంటే ఈ వీడియో ఇక్కడే ఆపేసుకోవచ్చు.

సరే, ఎవరికి దండగో ముందు చెప్తా. జిల్లా పోటీలకు, రాష్ట్ర పోటీలకు తయారయ్యే పిల్లలకు శుద్ధ దండగ. 2024లో పారిస్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కంచు పతకం తెచ్చినాక మా పక్క కూడా పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు ఎక్కువైనారు. ఒక తండ్రి ఫోన్ చేసి, "మా వాడికి రెడ్ డాట్ కొనియ్యనా, మార్కులు పెరుగుతాయా?" అన్నాడు. ప్రపంచ షూటింగ్ సంఘం ఐఎస్ఎస్ఎఫ్ నియమాల్లో పిస్టల్‌కు వెనక గాడీ, ముందర ముల్లూ ఉండే మామూలు సైటు ఒక్కటే ఉండాలి. రెడ్ డాట్, లేజర్, దుర్భిణి ఏవీ కుదరవు. పిల్లోడికి చుక్క అలవాటు చేస్తే, పోటీ రోజున చుక్క లేని పిస్టల్ పట్టుకొని బిక్కమొహం వేస్తాడు. ఆ డబ్బు పెట్టి మంచి పెల్లెట్లు కొనివ్వండి సామీ.

మరి ఎవరికి అక్కర? మా మామలాంటోళ్ళకు.

మామకు 63 ఏండ్లు. ఆర్మీలో చేసి వచ్చినాడు. ఒకప్పుడు మంచి గురి. ఇప్పుడు చత్వారం. మామూలు పిస్టల్‌కు వెనక గాడి, ముందర ముల్లు, దూరంగా టార్గెట్, మూడు దూరాల్లో మూడు ఉంటాయి. కన్ను ఒకసారికి ఒకదాన్నే స్పష్టంగా చూస్తుంది. ముందర ముల్లును చూడు, టార్గెట్ మసకగా ఉన్నా పర్వాలేదు అని నేర్పిస్తారు. నలభై దాటినాక కంట్లో కటకం బిగుసుకుపోయి ఆ ముల్లే మసకైపోతుంది. కళ్ళద్దాలు పెడితే ముల్లు కనపడుతుంది, టార్గెట్ పోతుంది. తీసేస్తే టార్గెట్ కనపడుతుంది, ముల్లు పోతుంది. మామ రెండేండ్లుగా ఈ తోపులో తల పైకీ కిందికీ ఆడిస్తా, అద్దాల్లో కింది భాగంలోనుంచి చూసేకి తంటాలు పడతా ఉండినాడు.

సైటు బిగించి ఇచ్చినా. రెండు కండ్లూ తెరిచే చూడు మామా, చుక్కను చూడొద్దు, కాగితాన్నే చూడు అన్నా. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తరవాత, "రేయ్ అల్లుడా, రెండూ కనపడతాండాయి కదరా!" అన్నాడు. అదీ ఈ వస్తువు చేసే పని. మీ చెయ్యిని అది మార్చదు, కంటికి ఉండే బరువు మటుకు దించుతుంది.

ఇంక ఎంపిక. చుక్క ఎంత పెద్దది అనేది పెట్టెమీద ఎంఓఏ అని రాసుంటుంది. 2, 3, 6 అని. ఒక డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఎంఓఏ. మన లెక్కకు తిప్పుకుంటే 10 మీటర్ల దగ్గర ఒక ఎంఓఏ అంటే సుమారు 2.9 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఈ కాగితం చూడండి. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది రింగు అడ్డం 11.5 మిల్లీమీటర్లు. 3 ఎంఓఏ చుక్క ఆడ 8.7 మిల్లీమీటర్లు కప్పుతుంది, అంటే పది రింగులో ఇమిడిపోతుంది. 6 ఎంఓఏ చుక్క 17 మిల్లీమీటర్లు దాటుతుంది, పది రింగు మొత్తం మింగేస్తుంది. డబ్బాలు, పలకలు టపటపా కొట్టే ఆటకు 6 బాగుంటుంది, త్వరగా కంటికి తగులుతుంది. కాగితం మీద పెల్లెట్లు పడిన గుంపు చూసుకునే నాలాంటోడికి 3 చాలు. మామకు కూడా 3 పెట్టినా, వెలుగు ఒక మెట్టు పెంచి.

వెలుగు గురించి చెప్పాల్సింది ఒకటుండాది. కొంతమందికి చుక్క గుండ్రంగా కనపడదు. తోక ఉన్నట్టు, ద్రాక్షగుత్తి మాదిరి కనపడుతుంది. సైటు పాడు అని తిప్పి పంపేస్తారు. తొందరపడొద్దు. సైటును చేతిలో పట్టుకొని గుండ్రంగా తిప్పండి. తోక కూడా దాంతోపాటు తిరిగితే సైటులో లోపం. సైటు తిరిగినా తోక అట్లే నిలబడితే మీ కంట్లో ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపు అన్నిపక్కలా సమంగా లేదని. వెలుగు తగ్గిస్తే కొంత సర్దుకుంటుంది. నాకు ఎడమ కంటికి ఉండాదని ఈ సైటు వల్లే తెలిసింది. కంటి డాక్టరు ఫీజు కూడా ఈ రివ్యూ ఖర్చులోనే రాసుకున్నా.

ఇప్పుడు నేను తిన్న దెబ్బ. ఎయిర్ పిస్టల్ మీద సైటు బిగించే పట్టీ చానావాటికి 11 మిల్లీమీటర్లు. బజార్లో రెడ్ డాట్లు చానావరకు 20 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీకి తయారవుతాయి. కాబట్టి మధ్యలో అడాప్టర్ కావాలి. నేను ఆన్‌లైన్‌లో చవగ్గా ఒకటి తెప్పించినా. మొదటి రోజు గుంపు బ్రహ్మాండం. రెండో రోజు రెండు సెంటీమీటర్లు పక్కకు. మూడో రోజు ఇంకోపక్కకు. సైటు తిప్పతా, తిప్పతా, నా చేతిని తిట్టుకుంటా, పదిహేను రోజులు పోయె. కడాకు చూస్తే అడాప్టర్ పట్టీమీద వెంట్రుకవాసి వెంట్రుకవాసి వెనక్కి జరగతా ఉండాది. స్ప్రింగు పిస్టల్ ఒకసారి వెనక్కీ ఒకసారి ముందుకూ, రెండు పక్కలా గుంజుతుంది. ఎంత బిగించినా నున్నటి పట్టీమీద జారుతుంది. అడ్డంగా చిన్న పిన్ను ఉండే అడాప్టర్ కొనండి, ఆ పిన్ను పట్టీమీద గుంతలో కూర్చుంటుంది, ఇంక జరగదు. బిగించినాక మరమీద, దాని పక్కన ఒక గీత గీసుకోండి. గీత విడిపోతే మర సడలినట్టు. నేను మా ఆవిడ గోళ్ళ రంగు వాడినా. అడిగి వాడండి, నా మాదిరి కాకుండా.

రెడ్ డాట్లలో తెరిచిన రకమా, మూసిన రకమా? తెరిచినదాంట్లో ఎల్ఈడీ బయటే ఉంటుంది. దాని మీద ఒక చినుకు పడినా, దుమ్ము కూర్చున్నా చుక్క పోతుంది, లేదా చిందరవందర అవుతుంది. మూసినదాంట్లో ముందూ వెనకా అద్దాలుంటాయి, తుడుచుకుంటే చాలు. ఏమ్‌పాయింట్ ఆక్రో 2019లో ఆ రకంగా వచ్చింది, తరవాత అందరూ ఆ దోవ పట్టినారు. తోపులో దుమ్ముకూ, నవంబరులో మనకొచ్చే వానలకూ మూసినదే మేలు. ఇంట్లో, క్లబ్బులో కొట్టేవాళ్ళకు తెరిచినది చాలు, చవక కూడా.

బ్యాటరీ సీఆర్ 2032 అయితే యాడైనా దొరుకుతుంది. అది పక్కనుంచి మార్చేట్టు ఉందా చూడండి. అడుగున ఉంటే ప్రతిసారీ సైటు ఊడబీకి, మళ్ళా గురి సరిచేసుకోవాల. ఏండ్లు వస్తుందని రాసుంటుంది, అది తక్కువ వెలుగులో లెక్క. నేను ఉగాదికి ఉగాదికి కొత్తది వేస్తా. మూడువేలకు పెద్ద కంపెనీ పేరుతో దొరికేవి నకిలీలు. పేరు లేని మూడువేలది కొన్నా నయం, అదేందో తెలిసి కొన్నట్టు ఉంటుంది.

పెట్టెమీద "పారలాక్స్ లేదు" అని రాసుంటుంది కదా, అంటే తల జరిగినా చుక్క టార్గెట్ మీద జరగదని, దాన్ని నేను నమ్మలేదు. పిస్టల్‌ను ఇసుకమూటల మీద కదలకుండా పెట్టి, తల మటుకు పక్కకు జరిపి చూసినా. నా చవకది 10 మీటర్ల దగ్గర పది మధ్య నుంచి తొమ్మిది రింగు అంచుదాకా జరిగింది. స్నేహితుడిది అందులో సగం కూడా లేదు. డబ్బుకు తేడా ఈడ కనపడింది. చవకది వాడినా, చుక్కను సైటు అద్దం కిటికీ మధ్యలో పెట్టుకుంటే ఈ బాధ చానావరకు ఉండదు.

గురి సరిచేసేది సులువే. ఇసుకమూట మీద ఆనించి అయిదు పెల్లెట్లు కొట్టండి. ఒక్కో పెల్లెట్‌కు మర తిప్పొద్దు, గుంపు మధ్య చూడండి. మీ సైటు ఒక క్లిక్కు 1 ఎంఓఏ అయితే 10 మీటర్లకు సుమారు 3 మిల్లీమీటర్లు. గుంపు మూడు సెంటీమీటర్లు కింద పడితే పది క్లిక్కులు పైకి.

అసలు కష్టం చుక్క దొరకబుచ్చుకోవడం. పిస్టల్ ఎత్తుతారు, కిటికీలో చుక్క ఉండదు. నీళ్ళలో చేపకోసం తడుముకున్నట్టు పిస్టల్ తిప్పుతా ఉంటారు. గుర్తుపెట్టుకోండి, చుక్క పైకి పోయిందంటే పిస్టల్ మూతి పైకి పోయినట్టే. మూతి దించండి, చుక్క దిగి వస్తుంది. రోజూ పది నిమిషాలు, పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకొని, గోడకెదురుగా ఎత్తి దించండి. కళ్ళు మూసుకొని ఎత్తి, అప్పుడు తెరవండి. చుక్క ఉంటే మీ పట్టు సరిగ్గా ఉన్నట్టు.

చుక్క దొరికినాక ఇంకో తలనొప్పి. అది వణుకుతుంది. మామూలు సైటుతో కూడా చెయ్యి అంతే వణికేది, మీకు కనపడలేదు, అంతే. పదిమీదికి వచ్చినప్పుడు పట్టుకుందామని ట్రిగ్గర్ గుంజితే పెల్లెట్ కిందికి పోతుంది. వణకనియ్యండి, మెల్లగా నొక్కతా పొండి. మామకు ఇది చెప్పేకి రెండు ఆదివారాలు పట్టింది. చుక్కనే చూస్తా ఉండేవాడు. కడాకు సైటు ముందర అద్దానికి నల్లటేపు అంటించినా. ఒక కన్ను చుక్కను చూస్తుంది, రెండో కన్ను టార్గెట్‌ను చూస్తుంది, బుర్ర రెండూ కలిపేస్తుంది. చుక్కను అదేపనిగా చూసేవాళ్ళకు టార్గెట్ కనపడదు కాబట్టి అలవాటు మారాల్సిందే. టేపు తీసినాక మామ కొట్టిన కాగితం ఇదిగో. అయిదులో నాలుగు నల్లరంగు లోపలే.

మీకు చూపించాల్సిన మూడో సైటు, స్నేహితుడిది, ఇంకా బంగారుపాళెంలోనే ఉండాది. ఈ పొద్దు వాపసు ఇయ్యాల. ఫోన్ చేస్తే మామ "మామిడికాయ కోతలు అయిపోనీ" అంటా ఉండాడు. కోతలు జూలైదాకా ఉంటాయి. ఆ స్నేహితుడు ఈ వీడియో చూస్తాడు, అందుకే ఈడనే చెప్తా ఉండా.