పేద నేలలో పైన్ చెట్టు

శ్రోతలకు నమస్కారం.

కొండవాలు మీది పైన్ అడవి దూరానికి అంతా ఒకే పచ్చదనంలా కనిపిస్తుంది. తేడా తెలియాలంటే కింద నుంచి పైకి నడవాలి. కొండ అడుగున చెట్టు నిటారుగా, స్తంభంలా ఉంటుంది. ఎక్కేకొద్దీ పొట్టిదవుతుంది, గిడసబారుతుంది. పైన చలి ఎక్కువ, గాలి ఎక్కువ, నిజమే. కానీ ఒక్కసారి కాళ్ల కిందికి కూడా చూడాలి.

వాన పడ్డప్పుడల్లా మెత్తటి మట్టి కొంచెం కొంచెంగా కిందికి కొట్టుకొస్తుంది. అందుకే పైన జానెడు మట్టి, దాని కింద రాయి; అడుగున మాత్రం నిలువెత్తు మట్టి. మట్టి ఎంత లోతుంటే అంత నీటి నిల్వ. పల్చటి మట్టి వాన వెలిసిన కొద్ది రోజులకే ఎండిపోతుంది. అప్పుడు వేరు రాతి పగుళ్లలోకి దూరి తడి వెతుక్కోవాలి. ఎండ బాగా తగిలే వాలు మీద ఈ కష్టం ఇంకా ఎక్కువ.

కొన్నిచోట్ల చెట్లు మొదలు దగ్గర కొడవలిలా వంగి, ఆపైన నిటారుగా లేస్తాయి. మొక్క లేతగా ఉన్నప్పుడే కింద మట్టి జారి ఉంటుంది, అది ఒరిగి, మళ్లీ వెలుగు వైపు లేచి ఉంటుంది. మంచు బరువుకీ ఇలా వంగుతాయి కాబట్టి వంపు చూడగానే తీర్పు చెప్పేయకూడదు.

ఇంతకీ పైన్‌కు పేద నేలంటే ఇష్టమా? చాలామంది అలాగే అనుకుంటారు. నా లెక్కలో అది ఇష్టం కాదు, సర్దుబాటు. మంచి నేలలో వేస్తే ఇంకా ఏపుగా పెరుగుతుంది. కానీ అక్కడ వెడల్పాకుల చెట్లు గుబురుగా అల్లుకుంటాయి, వాటి నీడలో పైన్ మొలక బతకదు. రాళ్ల నేలలో ఆ పోటీ ఉండదు. కాలిఫోర్నియాలోని వైట్ మౌంటెన్స్‌లో 4,800 ఏళ్లు దాటిన బ్రిసిల్‌కోన్ పైన్ ఉంది. ఈ జాతి అక్కడ ఎక్కువగా డోలమైట్ అనే తెల్లరాతి నేలల్లో పెరుగుతుంది. క్షార గుణం, భాస్వరం కొరత, పొదలకు గిట్టని నేల. అయితే ఆ రాయి తెల్లగా ఉండటంతో ఎండను తిప్పికొడుతుంది, దాంతో మట్టి కాస్త చల్లగా, తడిగా ఉంటుంది. చూడటానికి బీడు, ఈ చెట్టుకు మాత్రం ఆసరా.

పైన్ చెట్టు కింద రాలిన సూదుల్లాంటి ఆకులను చేత్తో పక్కకు తీసి చూడండి. పైపొర పొడిగా, జారుతూ ఉంటుంది. దాని కింద గోధుమరంగు తడి పొర, అందులో తెల్లటి సన్నని దారాలు. అవి శిలీంధ్రాలు. వేరు కొసలు పొట్టిగా, మొద్దుగా, రెండుగా చీలి ఉంటే అక్కడ శిలీంధ్రం కాపురం పెట్టినట్టే. వేరు చొరలేని సందుల్లోకి ఆ దారాలు వెళ్లి నీరు, భాస్వరం తెస్తాయి. బదులుగా చెట్టు చక్కెర పెడుతుంది. ఈ జంటకు 1885లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఫ్రాంక్ 'మైకోరైజా' అని పేరు పెట్టాడు.

ఈ స్నేహం ఎంత గట్టిదో తోటలు వేసేవాళ్లకు దెబ్బతిన్నాకే తెలిసింది. పైన్ సహజంగా పెరగని దేశాల్లో విత్తనాలు మొలిచేవి, కొన్నాళ్లకు పసుపురంగుకు తిరిగి, ఎదగకుండా ఆగిపోయేవి. ఎరువు సంగతి కాదది. పాత పైన్ అడవి మట్టి కొంచెం తెచ్చి నారుమడిలో కలిపాక మొక్కలు పచ్చబడ్డాయి.

సెలవు.