మద్రాసు సభలో మహర్షి

శ్రోతలకు నమస్కారం.

1937 జులైలో మద్రాసు రాష్ట్రంలో కొత్త శాసనసభ కొలువుదీరింది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ప్రకారం జరిగిన ఎన్నికల్లో 215 స్థానాలకు గాను కాంగ్రెస్ 159 గెలిచింది. రాజాజీ ప్రధాని అయ్యారు. ఇవాళ మనం ముఖ్యమంత్రి అంటున్న పదవిని అప్పట్లో అలాగే పిలిచేవారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు, వి.వి.గిరి గారు, బెజవాడ గోపాలరెడ్డి గారు మంత్రులు. ఈ పేర్లు మనకు బాగానే గుర్తున్నాయి. మరి ఆ సభను నడిపిన తొలి స్పీకరు ఎవరంటే చాలామంది తడుముకుంటారు. ఆయన కూడా తెలుగువారే, కాకినాడ ప్లీడరు బులుసు సాంబమూర్తి గారు.

తూర్పు గోదావరి జిల్లా దుళ్ళలో 1886లో పుట్టారు. లా చదివి కాకినాడలో ప్రాక్టీసు పెట్టారు. అనీబిసెంట్ హోంరూల్ ఉద్యమంతో రాజకీయాల్లోకి వచ్చి, 1920లో గాంధీగారు కోర్టులు వదిలేయమనగానే ప్రాక్టీసు మానేశారు. మానేసిన వాళ్లలో కొందరు కొన్నాళ్లకు మళ్ళీ నల్లకోటు తొడుక్కున్నారు. వాళ్లను తప్పుపట్టలేం, ఇల్లు గడవాలి కదా. సాంబమూర్తి గారు మాత్రం వెనక్కి వెళ్లలేదు.

1923 డిసెంబరులో కాంగ్రెస్ మహాసభలు కాకినాడలో జరిగాయి. అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ బాలిక దుర్గాబాయి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఆపేసిన ముచ్చట ఆ సభలదే. వేలమందికి బస, భోజనం, పందిళ్లు, నీళ్లు అన్నీ చూడాల్సిన బరువు ప్రధానంగా సాంబమూర్తి గారి మీద పడింది. సరిగ్గా ఆ సమయంలోనే ఆయన కొడుకు చనిపోయాడు. సభలు దగ్గరికొచ్చేశాయి. ఆయన మళ్ళీ పందిళ్ల దగ్గరికి వెళ్లారు, పని ఆగలేదు. ఆ గుండె నిబ్బరాన్ని మెచ్చుకోవాలో, ఇంట్లో ఆ తల్లి ఎలా తట్టుకుందో అని బాధపడాలో నాకు ఇప్పటికీ తేలదు. జనం ఆయన్ని మహర్షి అన్నారు. ఆ తర్వాత ఉప్పు సత్యాగ్రహంలో జైలుకూ వెళ్లొచ్చారు.

ఇలాంటి మనిషిని తెచ్చి స్పీకరు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆలోచిస్తే ఇదొక విచిత్రమే. పదిహేడేళ్లుగా సర్కారు చట్టాలను ధిక్కరించడమే పనిగా పెట్టుకున్న వ్యక్తి, ఇప్పుడు రూల్సు పుస్తకం ముందు పెట్టుకుని, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో, ఎంతసేపు మాట్లాడాలో చెప్పాలి. తన అభిప్రాయం మాత్రం చెప్పకూడదు. తన పార్టీకేమో తిరుగులేని మెజారిటీ. ప్రతిపక్షం చిన్నది. ఓట్లతో ఎలాగూ నెగ్గలేదు, కనీసం మాట్లాడే వీలైనా ఉండాలి. ఆ వీలు స్పీకరు చేతిలోనే ఉంటుంది. మెజారిటీ ఎంత పెద్దదైతే స్పీకరుకు అంత ఇరకాటమని నేను అనుకుంటాను.

స్పీకరు రాజకీయాలకు దూరంగా ఉండాలా అన్నది కూడా అప్పుడు తేలని ప్రశ్నే. ఇంగ్లండులో అయితే స్పీకరు పార్టీ బంధం తెంచుకుంటాడు. ఇక్కడ స్వరాజ్యమే రాలేదు, రాజకీయం ఎలా మానేస్తారు? సంయుక్త రాష్ట్రాల, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్, సభలో స్పీకరుగా ఉన్న పురుషోత్తమ దాస్ టాండన్ గారు కాంగ్రెస్ పనిలోనే కొనసాగారు. సాంబమూర్తి గారి మనసూ ఉద్యమంలోనే ఉందని తర్వాత జరిగింది చూస్తే అర్థమవుతుంది.

ఆ సభకు సొంత భవనం కూడా లేదు. మొదట మద్రాసు విశ్వవిద్యాలయం సెనేట్ హౌస్‌లో కూర్చుంది. తర్వాత, ఇప్పుడు రాజాజీ హాలు అంటున్న బాంక్వెటింగ్ హాలుకు మారింది. చేసిన పని మాత్రం తక్కువేమీ కాదు. సేలం జిల్లాలో మద్యనిషేధం, రైతుల రుణ విముక్తి చట్టం, ఆలయ ప్రవేశ చట్టం, అమ్మకం పన్ను, అన్నీ ఆ రెండేళ్లలోనే వచ్చాయి. బడుల్లో హిందీని తప్పనిసరి చేయడం మీద తమిళ ప్రాంతం అట్టుడికిపోయింది. భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పాటు చేయాలని 1938లో తీర్మానమూ చేశారు. లండన్ దొరలు కదల్లేదు.

1939లో మనల్ని అడక్కుండానే మన దేశాన్ని యుద్ధంలోకి దించారని కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. గవర్నరు పాలన వచ్చింది. ఇక్కడొక మెలిక ఉంది. మంత్రులు పోయారు కానీ సభ రద్దు కాలేదు, సమావేశమూ కాలేదు. అంటే స్పీకరుకు పదవి మిగిలింది, పని లేదు. దాదాపు మూడేళ్లు అలాగే గడిచాయి. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం రాగానే ఆ పదవికి రాజీనామా ఇచ్చి ఉద్యమంలో దిగారు. మళ్ళీ 1946లో సభ ఏర్పడ్డప్పుడు ఆ కుర్చీలో శివషణ్ముగం పిళ్లై గారు కూర్చున్నారు.

ఆ పైన సాంబమూర్తి గారి పట్టుదలంతా ఆంధ్ర రాష్ట్రం మీదే. 1952లో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్ష చేస్తానన్నప్పుడు, సర్కారుతో గొడవెందుకని పెద్దలు చాలామంది వెనకాడారు. పాలకులు కాంగ్రెస్ వాళ్లే. ఒకరు ఇంట్లో ప్రాణత్యాగానికి సిద్ధమై పడుకుంటే ఆ ఇంటివాళ్ల పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. రోజూ డాక్టర్లు, విలేకరులు, పోలీసు నిఘా. సాంబమూర్తి గారు మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీదున్న తన ఇంటి తలుపు తెరిచారు. అప్పటికి ఆయనకు అరవై ఆరేళ్లు. అక్టోబరు 19న దీక్ష మొదలైంది. యాభై ఎనిమిది రోజులు సాగింది. డిసెంబరు 15 రాత్రి ఆ ఇంట్లోనే శ్రీరాములు గారు కన్నుమూశారు. అంతిమయాత్రలో ఘంటసాల గారు పాడుతూ నడిచారని చెబుతారు. నాలుగు రోజులకు నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు, మద్రాసు నగరం మినహా.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం గారు ముఖ్యమంత్రి, నల్లపాటి వెంకట్రామయ్య గారు స్పీకరు. సాంబమూర్తి గారు 1958లో కాలం చేశారు. కాకినాడలో సాంబమూర్తి నగర్ ఉంది. మైలాపూరులోని ఆ ఇల్లు ఇప్పుడు పొట్టి శ్రీరాములు స్మారక భవనం, అక్కడ తెలుగు కార్యక్రమాలు జరుగుతుంటాయి. చెన్నై వెళ్లినప్పుడు వీలుంటే చూడండి. ఇంటి నంబరు 126.

నమస్కారం.