మీ ఇంట్లో గుడ్డ సంచులు ఎన్ని? ముందు అది చెప్పండి!

మళ్లీ అదే గొడవ! "భూమిని పాడుచేసింది కంపెనీలు, మనం మారితే ఏం ఒరుగుతుంది?" అని సగం మంది. "ముందు నువ్వు మారు" అని మిగతా సగం. పోయిన వీడియో కింద జుట్లు జుట్లు పట్టుకున్నారు కదండీ! నా మాట ఒక్కటే. మనకి లేనిది టెక్నాలజీ కాదు, 'చాలు' అనే మాట!

నవ్వుతారని తెలుసు. అందుకే 1865కి పదండి. ఇంగ్లండులో జెవన్స్ అని ఓ ఆర్థికవేత్త ఓ వింత గమనించాడు. ఆవిరి యంత్రాలు బాగుపడ్డాయి, తక్కువ బొగ్గుతో ఎక్కువ పని. మరి బొగ్గు మిగలాలా వద్దా? మిగల్లేదు! పని చవకయ్యేసరికి ఎక్కడపడితే అక్కడ యంత్రాలు దించారు, బొగ్గు ఇంకా తగలబడింది. పొదుపు యంత్రానికి నేర్పారు, మనిషికి నేర్పడం మర్చిపోయారు. ఎల్‌ఈడీ బల్బులొచ్చాక మనం చేసిందేంటి? మెట్లకి లైట్లు, గోడకి లైట్లు, అద్దం వెనక లైట్లు! అద్దం వెనక ఎవరు చూస్తారండీ?

నేనేమన్నా శుద్ధపూసనా? నా బీరువాలో గుడ్డ సంచులు పదకొండు. పర్యావరణం కోసమేనండోయ్! 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ లెక్కేసింది. వాతావరణం ఒక్కటే చూసుకున్నా, కాటన్ సంచిని కనీసం 52 సార్లు వాడితేగానీ ప్లాస్టిక్ సంచికి సరితూగదట. నావి కొన్ని మడత కూడా విప్పలేదు.

"'ముందు నువ్వు మారు' అనేది చమురు కంపెనీల పాటే" అంటారు. ఒప్పుకుంటా. మీ కార్బన్ ఫుట్‌ప్రింట్, అంటే మీ వాడకం వల్ల గాల్లోకి పోయే కార్బన్, ఎంతో చూసుకోండని 2004లో కాలిక్యులేటర్ పెట్టింది బీపీ అనే చమురు కంపెనీ. చమురు అమ్మేవాడు మనల్ని లెక్క అడగడం! ఒళ్లు మండదూ? కానీ వాడు మీకు 'చాలు' అనడం నేర్పాడా? చచ్చినా నేర్పడు, నేర్పితే వాడి దుకాణం మూత. వాడికి భయం మీ లెక్కంటే కాదు, మీకు కోరిక తీరిపోతే!

ఇంకొకాయన భలే పట్టుకున్నారు. ఓజోన్ పొరని తినేసే గ్యాసుల్ని ఆపాలన్న 1987 మాంట్రియల్ ఒప్పందంతో ఆ పొర బాగుపడుతోంది కదా, అక్కడ ఎవరి మనసు మారింది అని. బాబూ, అక్కడ ఫ్రిజ్‌లో గ్యాస్ మార్చాం, ఫ్రిజ్ మానేశామా? ఎవరి సుఖానికీ కోత పడలేదు కాబట్టి సులువుగా గట్టెక్కాం. ఇప్పుడు కోత మన సుఖానికే.

సరే, ఈ వారం కొందామనుకుని, 'చాలు' అనుకుని వదిలేసిన వస్తువు ఒక్కటి కింద రాయండి. వదిలేసిందండీ! ఆఫర్ అయిపోయి దొరకనిది కాదు.