చర్చా కార్యక్రమం: ప్రోగ్రామర్ చదివే పుస్తకాలు

యాంకర్: నమస్కారం. ఈ రోజు మనతో ఒక సీనియర్ ప్రోగ్రామర్, ఒక మేనేజ్‌మెంట్ అధ్యాపకురాలు ఉన్నారు. సర్, సాఫ్ట్‌వేర్ పుస్తకాలు కొన్న ఏడాదికే పాతబడతాయంటారు, నిజమేనా?

ప్రోగ్రామర్: టూల్స్ నేర్పేవైతే అంతేనండి. కొత్త వెర్షన్ వస్తే సగం పేజీలు పనికిరావు. కానీ ఫ్రెడ్ బ్రూక్స్ 'ది మిథికల్ మ్యాన్ మంత్' 1975 నాటిది. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించినాయన. ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్తవాళ్లని తెస్తే అది ఇంకా ఆలస్యమవుతుందన్నారు. లెక్క చూడండి. టీమ్‌లో ఐదుగురుంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 10, పదిమందైతే 45. పైగా కొత్తవాళ్లకు పని నేర్పాల్సింది అప్పటికే ఊపిరాడని పాతవాళ్లే.

అధ్యాపకురాలు: ఆ మాట తెలియని మేనేజర్ ఉండరండి.

ప్రోగ్రామర్: తెలుసు. డెడ్‌లైన్ దగ్గర పడగానే ఇంకో నలుగుర్ని పంపిస్తామంటారు, అంతే. (నవ్వులు)

యాంకర్: 'డిజైన్ ప్యాటర్న్స్' సంగతి?

ప్రోగ్రామర్: 1994లో వచ్చింది, 23 ప్యాటర్న్‌లు. అంటే ప్రోగ్రాం రాసేటప్పుడు మళ్లీ మళ్లీ ఎదురయ్యే సమస్యలకు నమూనా పరిష్కారాలు. నిఘంటువులా పక్కన పెట్టుకోవాలి. మొత్తం ఒక్కసారే చదివినవాళ్లు చిన్న ప్రోగ్రాంలో కూడా అన్నీ ఇరికిస్తారు.

యాంకర్: బిజినెస్ పుస్తకాలంటే మీకు పడదని విన్నాను.

ప్రోగ్రామర్: గెలిచిన కంపెనీల్ని ఏరి, వాటిలో ఉమ్మడిగా కనిపించిందే గెలుపు సూత్రం అంటే పడదు. జిమ్ కాలిన్స్ 2001లో 'గుడ్ టు గ్రేట్'లో 11 కంపెనీల్ని మెచ్చుకున్నారు. వాటిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ సర్క్యూట్ సిటీ 2008లో దివాలా తీసింది. అదే ఏడాది ఇళ్ల రుణాల సంస్థ ఫ్యానీ మేని అమెరికా ప్రభుత్వం తన అజమాయిషీలోకి తీసుకుంది.

అధ్యాపకురాలు: ఇది అన్యాయమండి. పోల్చడానికి వెనకబడిన కంపెనీలనూ ఆయన తీసుకున్నారు. తర్వాత పడిపోతే ముందు చేసిందంతా తప్పేనా?

ప్రోగ్రామర్: తప్పనట్లేదు. ఫలితం తెలిశాక వెతికిన కారణాల మీద నాకు నమ్మకం తక్కువ. బగ్, అంటే ప్రోగ్రాంలో తప్పు, ఎక్కడుందో ఎంత బాగా వివరించినా, దాన్ని మళ్లీ రప్పించి చూపిస్తేనే మేం ఒప్పుకుంటాం.

అధ్యాపకురాలు: మరి క్లేటన్ క్రిస్టెన్సెన్? 1997లో వచ్చిన 'ది ఇన్నోవేటర్స్ డైలమా' నిండా ఓడినవాళ్ల కథలే.

ప్రోగ్రామర్: అది వేరు, ఒప్పుకుంటాను. కంప్యూటర్లో డేటా దాచే డిస్క్ డ్రైవులు చేసే కంపెనీలు పెద్ద కస్టమర్ల మాట శ్రద్ధగా వింటూనే, చిన్న డ్రైవులు చేసేవాళ్ల చేతిలో ఓడిపోయాయి. అందులో తెలివితక్కువవాళ్లెవరూ లేరు. నాకు భయం వేసింది అందుకే.

యాంకర్: కథలు, నవలలు?

ప్రోగ్రామర్: ఇ.ఎం. ఫార్‌స్టర్ కథ 'ది మెషిన్ స్టాప్స్', 1909 నాటిది. మనుషులు నేల కింద ఎవరి గదిలో వాళ్లుంటారు. అన్నీ యంత్రమే చూసుకుంటుంది. అది మొరాయిస్తే మొదట ఫిర్యాదు చేస్తారు, తర్వాత అలవాటు పడతారు. చివరికి మరమ్మతు చేసే యంత్రాంగానికే మరమ్మతు కావాలి. సర్వర్లు చూసుకునేవాళ్లకి ఇది కథలా ఉండదండి. సర్వర్‌లో ఏదో తేడా ఉందని చెప్పే అలర్ట్ రోజూ మోగితే ఏం చేస్తాం? మ్యూట్ చేస్తాం.

అధ్యాపకురాలు: కథల్లో కూడా ఆఫీసేనా?

ప్రోగ్రామర్: ఈ ఒక్కదాంట్లోనే. మిగతావి ఊరికే, బాగుంటాయని చదువుతాను.

యాంకర్: కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ముందు ఏం చదవాలి?

ప్రోగ్రామర్: టీమ్‌లో ఇప్పటికే ఉన్న కోడ్. ఓ ఆర్నెల్లయ్యాక బ్రూక్స్.

అధ్యాపకురాలు: బ్రూక్స్‌ని ముందు వాళ్ల మేనేజర్‌కి ఇవ్వండి.