చూపించని ఫైట్, తగిలిన దెబ్బ

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. ఈ రోజు రివ్యూలన్నీ పక్కన పెట్టి, నా బుర్రలో చాలా కాలంగా తిరుగుతున్న విషయం ఒకటి మీతో మాట్లాడదామని కూర్చున్నా. కథలో పెద్ద ఫైట్ జరుగుతుంది కానీ మనకి చూపించరు. తలుపు మూసేస్తారు, లేదా సీన్ కట్ చేసి తెల్లారాక ఏమైందో చూపిస్తారు, లేదా ఎవడో రొప్పుకుంటూ వచ్చి అయిపోయిందయ్యా అని చెప్తాడు. మన యానిమే బ్యాచ్ దీన్నే ఆఫ్‌స్క్రీన్ ఫైట్ అంటాం, ఎక్కువసార్లు తిట్టడానికే ఆ మాట వాడతాం.

ముందే చెప్తున్నా, జుజుత్సు కైసెన్, వన్ పీస్ అనే రెండు జపాన్ మాంగాల (బొమ్మల కథల) స్పాయిలర్స్ ఉన్నాయి, అవి మొదట్లోనే వచ్చేస్తాయి, చదవని వాళ్ళు ఒక రెండు నిమిషాలు ముందుకి జరుపుకోండి.

2023 సెప్టెంబర్. జుజుత్సు కైసెన్ లో అందరికంటే బలమైన గురువు గోజోకీ, విలన్ సుకునాకీ ఫైట్ నడుస్తోంది, 235వ చాప్టర్ చివర్లో గోజో గెలిచాడు అనే మాట మీద ఆపారు. మేమంతా గ్రూపుల్లో పండగ చేసుకున్నాం. 236 తెరిస్తే ఎయిర్‌పోర్ట్. గోజో కూర్చుని ఉన్నాడు, ఎప్పుడో చనిపోయిన ఆయన పాత స్నేహితుడు గెటో అక్కడ ఉన్నాడు, ఇద్దరూ మామూలుగా కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకు అప్పుడు గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే గెటో ఉన్న చోట గోజో ఉన్నాడంటే ఇంక అర్థం ఒకటే. సుకునా ఆ చివరి దెబ్బ ఎలా కొట్టాడో మనం చూడలేదు, తర్వాత మాటల్లో చెప్పారు, చూసేసరికి గోజో నడుము దగ్గర రెండు ముక్కలై పడి ఉన్నాడు. అంతలోనే కషిమో అని ఇంకొకడు దిగిపోయాడు, తర్వాతి ఫైట్ మొదలు.

నాకు చాలా కోపం వచ్చింది. చాలా రోజులు ఉంది ఆ కోపం. కానీ తర్వాత నన్ను నేనే అడిగాను, నీకు చూపించని ఫైట్ అంటేనే పడదా? అలా అయితే వన్ పీస్ లో అకైను, అవోకిజీ కొట్టుకున్నది కూడా మనకి సరిగ్గా చూపించలేదు కదా. నేవీలో అందరికంటే పెద్ద పదవి కోసం ఇద్దరు అడ్మిరల్స్ పది రోజులు కొట్టుకున్నారు, పది రోజులు! మనం కథతో పాటు పంక్ హజార్డ్ దీవికి వెళ్ళేసరికి ఏం మిగిలింది, సగం దీవి మంటలు, సగం దీవి మంచు. అకైను శక్తి లావా, అవోకిజీది మంచు. అవోకిజీకి ఒక కాలు పోయింది. దాని మీద నాకు ఏ రోజూ కోపం రాలేదు, పైగా ఆ దీవిలో ప్రతి సీన్లో వెనకాల ఆ ఫైట్ ఇంకా జరుగుతూనే ఉన్నట్టు ఉంటుంది.

మరి తేడా ఎక్కడుంది? దీనికి జవాబు నాకు మన భారతంలో దొరికింది, ఊరికే గొప్ప కోసం చెప్పట్లేదు, నిజంగా అక్కడే దొరికింది.

సంజయుడంటే మనందరికీ ఒక బొమ్మ ఫిక్స్ అయిపోయింది, ధృతరాష్ట్రుడి పక్కన కూర్చుని క్రికెట్ కామెంటరీ లాగా లైవ్ లో చెప్తూ ఉంటాడని. టీవీల్లో చూసి చూసి అలా అయిపోయింది. వ్యాస భారతంలో భీష్మపర్వం చూడండి, అక్కడ వేరేగా ఉంటుంది. పదో రోజు అయ్యాక సంజయుడు యుద్ధభూమి నుంచి హస్తినకి వస్తాడు. ముసలాయన దిగులుగా కూర్చుని ఉంటాడు. సంజయుడు నేను సంజయుణ్ణి అని పేరు చెప్పి, నమస్కారం పెట్టి, భీష్ముడు పడిపోయాడు అని చెప్పేస్తాడు. వచ్చీ రాగానే రిజల్ట్ చెప్పేశాడు. సస్పెన్స్ మొత్తం మొదటి మాటలోనే పోయింది. ఇంక ఆ తండ్రి అడగడం మొదలుపెడతాడు, ఎలా పడ్డాడు, అప్పుడు పక్కన ఎవరున్నారు, మా వాళ్ళు ఏం చేస్తున్నారు, పరశురాముడే గెలవలేని వాణ్ణి ఎవడు పడేశాడు అని. ఆ ప్రశ్నలకి జవాబుగా సంజయుడు వెనక్కి వెళ్ళి మొదటి రోజు నుంచి చెప్పుకొస్తాడు. అంటే భగవద్గీత కూడా మనకి ఫ్లాష్‌బ్యాక్ లోనే వస్తుంది, భీష్ముడు అప్పటికే అంపశయ్య మీద ఉన్నాడు. ద్రోణపర్వం అంతే, కర్ణపర్వం అంతే. పోయాడు అని ముందు, ఎలా పోయాడన్నది తర్వాత.

ఇంకో విషయం. యుద్ధానికి ముందు వ్యాసుడు వచ్చి, నీకు చూపు ఇస్తాను, చూస్తావా అంటాడు. ధృతరాష్ట్రుడు వద్దంటాడు. మనవాళ్ళు మనవాళ్ళని చంపుకోవడం నేను చూడలేను, కానీ అంతా వినాలి అంటాడు. పుట్టినప్పటి నుంచి లేని చూపు ఇస్తానంటే వద్దన్నాడండీ! అప్పుడు వ్యాసుడు ఆ శక్తి సంజయుడికి ఇస్తాడు. మొదట్లో ఆదిపర్వంలోనే ధృతరాష్ట్రుడి ఏడుపు ఒకటి ఉంటుంది, పద్యం తర్వాత పద్యం, ఫలానాది జరిగిందని ఎప్పుడైతే విన్నానో అప్పుడే నాకు గెలుపు మీద ఆశ పోయింది సంజయా, యదాశ్రౌషం అని మొదలు, సంజయ అని ముగింపు, అలా పదుల కొద్దీ. మొత్తం యుద్ధం ఆయనకి వినడంలోనే జరిగింది. పద్దెనిమిది రోజుల యుద్ధం అక్కడ కురుక్షేత్రంలో ఎంత జరిగిందో ఇక్కడ ఈ గదిలో ఒక గుడ్డి తండ్రి మొహం మీద అంత జరిగింది, మనం చూస్తున్నది ఆ మొహాన్ని. ఈ యుద్ధపర్వాలన్నీ తెలుగులోకి తెచ్చింది తిక్కన గారు, విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు ఆయన ఒక్కరే రాశారు.

ఇప్పుడు గోజో దగ్గరికి వెనక్కి రండి. నాకు అక్కడ లోటు అనిపించింది ఆ దెబ్బ చూపించకపోవడం కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ వార్త తగలాల్సిన పిల్లలు ఉన్నారు, ఆయన శిష్యులు, వాళ్ళ దగ్గర ఆగాల్సింది. ఒక్క పది పేజీలు ఆగి ఉంటే నేను ఏడ్చి ఊరుకునేవాణ్ణి.

అర్జునుడిది చూడండి. 13వ రోజు, అభిమన్యుడు పద్మవ్యూహంలో చచ్చిపోయాడు, అర్జునుడు దూరంగా సంశప్తకులతో యుద్ధంలో ఉన్నాడు, ఆయనకి ఏమీ తెలీదు. సాయంత్రం రథం మీద కృష్ణుడితో శిబిరానికి తిరిగొస్తున్నాడు. ఏంటి కృష్ణా, ఈ రోజు బూరలు మోగట్లేదు, వీణలు వినపడట్లేదు, ఎవరూ పాడట్లేదు, నన్ను చూసి సైనికులు మొహాలు తిప్పుకుంటున్నారు అంటాడు. రోజూ నవ్వుకుంటూ ఎదురొచ్చే పిల్లాడు ఈ రోజు రాలేదేంటి అంటాడు. నేను ఈ సీన్ చదివిన ప్రతిసారీ పద్మవ్యూహం సీన్ కంటే ఇక్కడే ఎక్కువ నలిగిపోతాను, అక్కడ కత్తులు, గదలు, విరిగిన రథచక్రం అన్నీ ఉన్నాయి, ఇక్కడ ఏమీ లేదు, చడీ చప్పుడూ లేని శిబిరం, పక్కకి తిరిగిన మొహాలు. ఎవరైనా సినిమా తీస్తే వ్యూహం లోపలిది మొత్తం తీసేసి రథం వెనక్కి వస్తున్న చోట మొదలుపెట్టమని నేను చేతులు జోడించి అడుగుతా.

సరే, నాటకాల్లోకి వద్దాం. మన పాత సంస్కృత నాటకాలకి ఇది రూలే. యుద్ధం, చావు, రాజ్యం పోవడం, కోట ముట్టడి, ఇవి అంకంలో ఎదురుగా చూపించొద్దు, మధ్యలో వచ్చే చిన్న సీన్లలో ఎవరి చేతో చెప్పించండి అని నాట్యశాస్త్రం అంటుంది. ఆ చిన్న సీన్లకి విష్కంభం, ప్రవేశకం అని పేర్లు కూడా ఉన్నాయి, తెర వెనక నుంచి గొంతు మాత్రమే వినిపిస్తే చూళిక అంటారు. భవభూతి ఉత్తరరామచరితంలో లవుడికీ లక్ష్మణుడి కొడుకు చంద్రకేతువుకీ యుద్ధం అవుతుంటే ఆకాశంలో విద్యాధరుడూ వాళ్ళావిడా నిలబడి మనకి వర్ణించి చెప్తారు, ఇదిగో ఆగ్నేయాస్త్రం, ఇదిగో వారుణాస్త్రం అని. చాలా అందంగా ఉంటుంది, కానీ నిజం చెప్పాలంటే నాకు లోపల తగలదు, ఎందుకంటే ఆ చూసేవాళ్ళకి ఆ పిల్లలు ఏమీ కారు.

నాకు తగిలింది పాత సంస్కృత నాటకకర్త భాసుడి ఊరుభంగం. ఊరువు అంటే తొడ. ఈ భాసుడి నాటకాలు చాలా కాలం పేర్లకే మిగిలిపోయి, 1912లో తిరువనంతపురంలో గణపతి శాస్త్రి గారు అచ్చు వేస్తే గానీ మళ్ళీ లోకానికి రాలేదు. అందులో మొదట ముగ్గురు సైనికులు వస్తారు. వాళ్ళే చెప్తారు మనకి, యుద్ధభూమి ఎలా ఉంది, భీముడూ దుర్యోధనుడూ గదలతో ఎలా కొట్టుకుంటున్నారు, భీముడు ఎలా కింద పడ్డాడు, కృష్ణుడు తన తొడ మీద తను చరుచుకుని ఎలా సైగ చేశాడు, గద ఎక్కడ పడింది. ముగ్గురు మామూలు జవాన్ల నోట్లోంచి అన్నీ వింటాం, గద మన కళ్ళ ముందు ఒక్కసారి కూడా లేవదు.

ఆ తర్వాత దుర్యోధనుడు వస్తాడు. నడిచి రాడు, ఈడ్చుకుంటూ వస్తాడు. కళ్ళు లేని తండ్రి, కళ్ళకి గంతలు కట్టుకున్న తల్లి, భార్యలు, అందరూ ఆయన్ని వెతుక్కుంటూ వస్తారు, వాళ్ళతో పాటు చిన్న కొడుకు దుర్జయుడు. పిల్లాడు తండ్రిని చూశాడు, దగ్గరికి వచ్చాడు, రోజూ చేసేదే చేయబోయాడు, ఒళ్ళో కూర్చోబోయాడు. దుర్యోధనుడు వద్దంటాడు. ఎందుకు నాన్నా వద్దంటున్నావు అని అడుగుతాడు వాడు.

అక్కడ పడిందండీ గద. సైనికులు చెప్పినప్పుడు మనం విన్నాం అంతే, ఇక్కడ ఆ పిల్లాడు ఒడి కోసం వంగినప్పుడు దెబ్బ మన మీద పడింది. విలన్ అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న మనిషి మీద జాలితో గొంతు పట్టేసింది నాకు. ఆ గదాయుద్ధం స్టేజి మీదే పావుగంట చూపించి ఉంటే మనం ఈ పాటికి ఎవరు బాగా కొట్టారు, ఎవరు రూల్ తప్పారు అనే వాదనలో ఉండేవాళ్ళం, ఆ ఒడి మనకి కనపడేది కాదు. చివరికి రూలు పక్కన పెట్టి దుర్యోధనుడి చావుని మాత్రం మన ఎదురుగానే ఉంచాడు భాసుడు. ఏది దాచాలి ఏది దాచకూడదు అని అంత తెలిసి చేశాడు, అందుకే నాకు ఆయనంటే ప్రాణం.

మన పద్యనాటకాల్లో జెండాపై కపిరాజు పద్యం ఉంది కదా, తిరుపతి వెంకట కవులది, అది ఇంకో రకం. అక్కడ యుద్ధం ఇంకా జరగనే లేదు. కృష్ణుడు కౌరవ సభలో నిలబడి జరగబోయేది చెప్తున్నాడు, జెండా మీద హనుమంతుడు, తెల్ల గుర్రాలు, రథం తోలేది నేను, గాండీవం అర్జునుడి చేతిలో, ఆ రోజు నీ మొర ఎవడూ వినడు అని. రాయబారం సీనుకి జనం వన్స్ మోర్ కొట్టిన యుద్ధం అది, మైకు ముందు ఒక మనిషి, ఒక హార్మోనియం, అంతే.

ఇంక మా ఊరి సంగతి చెప్పి ఆపేస్తా. మాది బొబ్బిలి దగ్గర పల్లె. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద బుస్సీ ఫ్రెంచి సైన్యం, విజయనగరం విజయరామరాజు సైన్యం కలిసి పడ్డాయి, కోట పోయింది, లోపల ఆడవాళ్ళు, పిల్లలు శత్రువుకి చిక్కకూడదని వాళ్ళనీ అక్కడే చంపేసుకున్నారు. ఈ కథలో విచిత్రం ఏంటంటే, హీరో తాండ్ర పాపారాయుడు యుద్ధంలో లేడు. రాజాంలో ఉన్నాడు. కబురు తెలిసి వచ్చేసరికి అంతా అయిపోయింది. తర్వాత విజయరామరాజుని డేరాలో దూరి చంపడం వేరే సంగతి, కానీ ఊరంత యుద్ధం ఆయన కంట పడలేదు, వచ్చి బూడిద చూశాడు.

నేను చిన్నప్పుడు మా ఊళ్ళో సంబరానికి ఈ కథే బుర్రకథ పెట్టించారు. ఒక బల్ల, రెండు ట్యూబ్‌లైట్లు, ముగ్గురు మనుషులు. మధ్యలో కథకుడు, భుజం మీద తంబుర, బొటనవేలికి అందెలు, కాళ్ళకి గజ్జెలు, అటూ ఇటూ డక్కీలు పట్టుకుని వంతలు. కోట లేదు, ఫిరంగి లేదు, కత్తి కూడా లేదు. ఫిరంగి పేలిందంటే కథకుడు బల్ల మీద ఒక్క ఎగురు ఎగిరి కాలు దించేవాడు, గజ్జెలు ఝల్లుమనేవి, వంతలు తందాన తాన అని అందుకునేవాళ్ళు. నేను మా మామ్మ ఒళ్ళో పడుకుని వింటున్నా. కోటలో ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కథకుడు డక్కీలు ఆపించేశాడు. అందెలు ఒక్కటే, టింగ్, టింగ్ అని మెల్లగా. రాణి మల్లమ్మ గురించి పాట లేకుండా మామూలుగా మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

నేను తలెత్తి చూస్తే మామ్మ కొంగు మొహం మీదికి లాక్కుని కళ్ళు గట్టిగా మూసేసుకుంది. బల్ల మీద అప్పటికీ ముగ్గురు మగాళ్ళే నిలబడి ఉన్నారు, చూడ్డానికి అక్కడ ఏమీ లేదు. అయిపోయిందేటిరా, అయిపోయిందేటి అని నన్ను అడుగుతోంది. నేను బల్ల వైపు చూసి, ఇంకా లేదు మామ్మా అన్నాను.