గేదె వెంట కొంగ: లాభం ఎవరికి?

గేదె మూతి దగ్గర నిలబడ్డ ఆ తెల్లకొంగను కాస్త చూడండి. గేదె కదిలితే తనూ కదులుతుంది, ఆగితే ఆగుతుంది. గడ్డిలో మిడత మెదిలిందా, మెడను ఇటూ అటూ ఊపి టక్కున పొడిచేస్తుంది. ఇదిగో, మింగేసింది!

చెరువు గట్టున కొంగజపం చేసే రకం కాదిది. నీళ్లతో పెద్దగా పనిలేని పశువుల కొంగ. ముక్కు పసుపు, మెడ పొట్టి. ముక్కు నల్లగా, పాదాలు పసుపుగా కనిపిస్తే అది చిన్న తెల్లకొంగ, వేరే జాతి. జతకట్టే రోజుల్లో దీని తల, మెడ, వీపు నారింజ రంగుకు తిరుగుతాయి, పెళ్లికొడుక్కి నలుగు పెట్టినట్టు.

ఊళ్లో ఎవర్ని అడిగినా "పిడుదులు ఏరి తింటుంది, గొడ్డుకు మేలు" అంటారు. పిడుదుల్ని తినదని కాదు, అవి దొరికితే తినేవే. పశువు ఒంటి మీది ఈగల్నీ పొడుచుకు తింటుంది. కానీ కడుపు నింపేవి మిడతలు, కీచురాళ్లు, అప్పుడప్పుడు కప్పలు. గేదె కాళ్ల అలికిడికి అవి బెదిరి బయటికొస్తాయి, కొంగ పట్టేస్తుంది. ఒంటరిగా తిరిగినప్పటికంటే పశువు పక్కన 3.6 రెట్లు ఎక్కువ దొరుకుతుందని ఒక అధ్యయనంలో తేలింది. ట్రాక్టర్ వెనకా ఇంచుమించు అంతే, కాకపోతే నడక ఎక్కువ. దుక్కి దున్నేటప్పుడు నాగళ్ల వెనక గుంపుగా పరుగులు తీసేది అందుకే. నన్నడిగితే ఈ స్నేహంలో ఎక్కువ లాభం కొంగదే.

ఈ పశువుల కొంగల్లో తూర్పు రకం, పడమటి రకం అని రెండున్నాయి. మన దగ్గర ఉండే తూర్పు రకానికి మొన్నటిదాకా వాడిన శాస్త్రీయ నామం బుబుల్కస్ కోరమాండస్, ఇప్పుడు ఆర్డియా కోరమాండా అంటున్నారు. ఆ రెండో మాట మన కోరమాండల్ తీరం నుంచి వచ్చిందే. పడమటి రకం మాత్రం ఆఫ్రికా నుంచి, ఎవరూ తీసుకెళ్లకుండానే, 1870ల చివర్లో అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా చేరింది. అడవులు నరికి పశువుల బీళ్లు చేసిన కొద్దీ దానికి చోటు పెరిగింది. 1953 నాటికి ఫ్లోరిడాలో గూళ్లు కట్టేసింది.

హవాయి దీవులకు మాత్రం మనుషులే పట్టుకెళ్లారు, 1959లో, పశువుల్ని పీడించే ఈగల్ని తింటుందని. ఈగల సంగతేమో గానీ, అక్కడి నీటిపక్షుల పిల్లల్ని తినడం మొదలెట్టింది, విమానాశ్రయాల్లో రన్‌వేల మీదికీ చేరింది. చివరికి 2017లో అమెరికా ప్రభుత్వం హవాయిలో వీటిని అదుపు చేయడానికి ప్రత్యేక ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది.